ఒళ్లో పడుకోబెట్టిన గిటార్

1976 ఏప్రిల్ 14. సాయంత్రం 5:40.

డెన్నిస్ కుర్చీలో కూర్చునే చచ్చిపోయి ఉన్నాడు.

తల వెనక పగిలింది. కుర్చీ పక్కన నెత్తురంటిన పొత్రం. ఒళ్లో కొత్త గిటార్. ఎడమచేతి గుప్పిట్లో చిన్న గాజు గొట్టం.

ఆ గిటార్‌ని చూసి కానిస్టేబుల్ యర్రయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. దాని ఒళ్లంతా ఇనుమే. పొట్ట మీద చిల్లుల పళ్లెం. కిటికీలోంచి గాలి తగిలినా చాలు, లోపలెక్కడో సన్నగా మూలుగుతోంది.

డెన్నిస్ ఆంగ్లో ఇండియన్. రిటైరైన రైలింజన్ డ్రైవర్. అరకు స్టేషన్‌కి మైలు దూరంలో, ఓ గూడేన్ని ఆనుకున్న ఇంట్లో రెండేళ్లుగా ఒక్కడే ఉంటున్నాడు. గాజు గొట్టాన్ని తీగల మీద జారుస్తూ బ్లూస్ వాయిస్తాడు. బ్లూస్ అంటే అమెరికా నల్లవాళ్లు తమ కష్టాలు చెప్పుకునే పాట. ఇన్నాళ్లూ పాత చెక్క గిటార్ మీదే వాయించాడు. రెజొనేటర్ అనే ఈ ఇనుప గిటార్ ఓడలో విశాఖ చేరి, అతని చేతికి అంది నాలుగు రోజులే అయింది.

హంతకుడు కూడా అక్కడే దొరికాడు. అలా అనుకోవడం పోలీసులకి ఎప్పుడూ సుఖమే.

శవం కాళ్ల దగ్గర భీముడు కూలబడి ఉన్నాడు. రెండు చేతులకీ నెత్తురు. అతను గూడెంలో తుడుం వాయించే నలభై ఏళ్ల మనిషి.

మోటివ్ కూడా సిద్ధంగానే ఉంది. ఇవి ఇటుకల పండగ రోజులు. మగవాళ్లు వేటకి అడవికెళ్తే, వాళ్లు కొండ దిగేదాకా గూడెం చుట్టుపక్కల తీగ మోగకూడదు. అది వాళ్ల కట్టుబాటు. "వాయిస్తే నెత్తురు పడతాది దొరా" అని భీముడు డుంబ్రిగుడ సంతలో నలుగురూ వింటుండగా డెన్నిస్‌తో అన్నాడు.

నెత్తురు పడనే పడింది.

సాక్షి కూడా ఉన్నాడు. పేరు వీరభద్రరావు. విశాఖలో ఓ ఆర్కెస్ట్రాకి గిటార్ వాయిస్తాడు. కొత్త గిటార్ చూడాలని వచ్చి అరకు లాడ్జిలో దిగాడు. "నేను నాలుగు గంటలకి బయల్దేరేసరికి డెన్నిస్ హాయిగా వాయించుకుంటున్నాడు" అని స్టేట్‌మెంట్ రాసిచ్చాడు.

ఇంకేం కావాలి?

మర్నాడు పదిన్నర. అరకు పోలీస్ స్టేషన్.

మధ్యాహ్నం 2:20 పాసింజర్లో భీముణ్ణి విశాఖ పంపాలి. ఆ రైలెక్కితే అతని తరఫున నోరు విప్పే మనిషుండడు. ఉరికంబం ఎక్కించినా అడిగే దిక్కులేదు. ఆ సంగతి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వరహాలరావుకి బాగా తెలుసు. అందుకే పొద్దున్నించీ ఆయనకి ఏదీ సయించలేదు. అప్పుడే కడిగి తెచ్చిన ఫొటోలు పట్టుకుని లాకప్ దగ్గరికి వెళ్లాడు.

"ఎందుకు చంపావు?"

"నాను సంపలేదు బాబూ."

"చేతులకి నెత్తురెలా అంటింది?"

"తల ఎత్తి సూసినాను. ఊపిరుందేటో అని."

"ఇలాగే ఉన్నాడా నువ్వెళ్లేసరికి?"

ఊచల్లోంచి భీముడు ఫొటో అందుకున్నాడు. అతని మొహం ముడుచుకుంది.

"ఇలాగే ఉన్నాడు బాబూ. కానీ ఇదేటి, గిటారుని పడుకోబెట్టీసినాడు?"

"అంటే?"

"దొర ఎప్పుడూ అలా పట్టడు. గుంటణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించి పట్టుకుంటాడు. గాజు సిటికినేలుకి తొడుక్కుంటాడు. రెండేళ్లు సూసినాను కదా."

వరహాలరావు ఫొటో మళ్లీ చూశాడు. ఒళ్లో వెల్లకిలా గిటార్. గుప్పిట్లో గాజు. నిన్న పది మంది పోలీసులు చూశారు. ఒక్కరికీ తట్టలేదు. తనకీ తట్టలేదు. ఆయనకి తన మీద తనకే ఒళ్లు మండింది.

"యర్రయ్యా, వీరభద్రరావుని తీసుకురా. బేగి!"

పదకొండున్నర. టేబుల్ మీద ఇనుప గిటార్. ఎదురుగా వీరభద్రరావు. ఇస్త్రీ చొక్కా, చెదరని క్రాపు.

"డెన్నిస్ వాయిస్తుంటే మీరు చూశారా?"

"ఎదురుగా కూర్చునే చూశానండి."

"ఎంతసేపు?"

"అరగంట."

"ఏ గిటార్ మీద?"

"ఇదేనండి. కొత్తదే."

"అతనెలా వాయించాడో అలాగే ఒక్క ముక్క వాయించి చూపించండి."

వీరభద్రరావు కళ్లు మెరిశాయి. ఆశ మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది. గబుక్కున గిటార్ అందుకుని ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. గాజు గొట్టాన్ని గుప్పిట పట్టి తీగల మీద ఆనించాడు.

గాజు తీగల కిందున్న లోహపు మెట్లకి తగిలి టకటకలాడింది. పాట రాలేదు. ఇనుప పొట్టలోంచి ఒక మూలుగు లేచి గదంతా నిండింది. లాకప్‌లో భీముడు చెవులు మూసుకున్నాడు.

"మీరు వాయించేది హవాయిన్ గిటార్ కదూ?"

"అవునండి. ఇరవై ఏళ్లుగా."

"దాన్ని ఒళ్లో పడుకోబెట్టి ఉక్కు కడ్డీ జారుస్తారు. తీగలు ఎత్తుగా ఉంటాయి. దీని తీగలు చూడండి, ఎంత కిందికున్నాయో. డెన్నిస్ దీన్ని గుండెకి ఆనించుకునేవాడు. గాజు చిటికెన వేలికి తొడుక్కునేవాడు." వరహాలరావు ఫొటో ముందుకు తోశాడు. "శవానికి గిటార్ అందించినవాడు తనకి తెలిసిన పద్ధతిలో అందించాడు. అరగంట ఎదురుగా చూసినవాడికి ఈ పొరపాటు జరగదు. మీరు చూడలేదు. ఎందుకంటే అతను వాయించలేదు."

వీరభద్రరావు చేతిలోంచి గాజు జారి నేలమీద పడింది.

"ఒక్క ముక్క వాయించి వినిపించమని బతిమాలానండి," అన్నాడు. "వేట తిరిగొచ్చేదాకా ముట్టనని భీముడికి మాటిచ్చాట్ట. నన్నూ ముట్టుకోనివ్వనన్నాడు. జన్మలో అలాంటి వాద్యం నా చేతికి రాదండి! ఓ కొండవాడికిచ్చిన మాట కోసం నాకు గుమ్మం చూపించాడు. పొత్రం చేతికందింది. తర్వాత... కట్టుబాటు తప్పి వాయించాడంటే మీరంతా భీముడే చంపాడనుకుంటారని..."

"అనుకున్నాం," అన్నాడు వరహాలరావు.

యర్రయ్య బేడీలు వేసి అతన్ని లోపలికి నడిపించాడు. అదే తాళంతో భీముడు బయటికొచ్చాడు. వరహాలరావు అతని మొహం సూటిగా చూడలేకపోయాడు. నిన్నటి నుంచి ఎందుకు చంపావనే తప్ప, అక్కడికి ఎందుకెళ్లావని ఒక్కరూ అడగలేదు. ఆ ప్రశ్న ఇప్పుడు అడిగాడు.

"నిన్న అయిదింటికి ఏటకెల్లినోల్లు కొండ దిగీసినారు బాబూ," అన్నాడు భీముడు. "ఇంక నీ ఇష్టం, వాయించుకో దొరా అని సెప్పడానికి పరిగెట్టుకెల్లినాను."