పద్నాలుగో తుపాకీ

1987 అక్టోబర్ 27. మంగళవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్. ఒక డెంటిస్ట్ ఆఫీసు ముందు, రామమోహన్ అనే ఇంజినీరు తన కారు తలుపు తెరుస్తూ కింద పడిపోయాడు. తుపాకీ గుండు చెవి వెనక తగిలింది. చప్పుడు ఎవరికీ వినపడలేదు. పన్ను పీకించుకున్న నీరసంతో కళ్లు తిరిగి పడ్డాడనుకుని రిసెప్షనిస్టు గ్లాసుతో మంచినీళ్లు పట్టుకొచ్చింది.

రోడ్డుకి అవతల బ్రౌన్ కలర్ వ్యాన్‌లో, అతన్ని కాపలా కాయాల్సిన ఏజెంట్ కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం తిన్న డోనట్. పేరు దామోదర్. సెక్షన్ నైన్ అనే రహస్య ప్రభుత్వ విభాగంలో పదకొండేళ్ల సర్వీసు.

దామోదర్ పరిగెత్తాడు. నాడి చూశాడు. రేడియోలో కబురు చెప్పాడు. అన్నీ రూల్ ప్రకారమే. తర్వాత వ్యాన్‌లోకి వచ్చి మిగిలిన డోనట్ తినేశాడు. ఆ సంగతి రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. ఒక మనిషి తన కళ్లముందు చచ్చిపోతే ఏడుపో, సిగ్గో, కనీసం నిద్రపట్టకపోవడమో ఉండాలి కదా అని ఆలోచించాడు. శుభ్రంగా నిద్రపోతున్నాడు.

గురువారం హెడ్డాఫీసున్న హెర్న్‌డన్‌లో బ్రీఫింగ్. బయట ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు, లోపల సెక్షన్ నైన్. చీఫ్ సామ్యూల్ ఫైలు బల్లమీద పడేశాడు.

"ట్యాంకుల గన్‌సైట్ డ్రాయింగ్స్ బయటికి పోతున్నాయి. ఫారిన్ గూఢచారుల రింగ్. అమ్ముతున్నదెవరో చూసిన సాక్షులు ఇద్దరే. ఒకడు పోయాడు."

"తెలుసు సర్. అక్కడే ఉన్నాను."

సామ్యూల్ అతని మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. అక్కడ చదవడానికి ఏమీ దొరకలేదు.

"రెండోవాడు కృపావరం. ఏలూరు మనిషి. ట్రాయ్‌లో ఆ గన్‌సైట్లు తయారయ్యే ప్లాంట్‌లో సీనియర్ ఇంజినీరు. నవంబర్ 23 సోమవారం గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం. ఆయన నోరు విప్పితే రింగ్ మొత్తం లోపలికి పోతుంది. అప్పటిదాకా ఆయన బతికుండాలి. దట్సాల్."

"సేఫ్ హౌస్‌లో పెట్టేద్దాం."

"రానన్నాడు. 21 శనివారం ఆట ఉందట."

"ఏం ఆట?"

సామ్యూల్ సొరుగులోంచి నల్లటి సబ్‌మెషీన్ గన్ తీశాడు. దామోదర్ చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయింది. సామ్యూల్ ట్రిగర్ నొక్కాడు. 'టిక్' అని ఓ తెల్లటి ప్లాస్టిక్ పూస గోడకి తగిలి కార్పెట్ మీద దొర్లింది.

"ఎయిర్‌సాఫ్ట్. జపాన్ బొమ్మ. పక్కన పెడితే అసలుదేదో మా ఆవిడే కాదు, నేను కూడా చెప్పలేను. పెళ్లాం పిల్లలున్న పెద్దమనుషులు వీకెండ్‌లో అడవిలో చేరి వీటితో కాల్చుకుంటారు. ఆ క్లబ్బుకి కృపావరమే ప్రెసిడెంట్. నువ్వు అందులో చేరాలి. కవర్ నేమ్ అబ్రహాం. తెలుగు చర్చిలో పరిచయం చేసుకో. నువ్వెవరో ఆయనకి తెలియనివ్వకు. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు."

"అక్కడ మన మనిషి ఎవరైనా?"

"ఉషా. ఆ బొమ్మలమ్మే హాబీ షాపు ఆమెదే. రింగ్ ఆమెని తమ మనిషి అనుకుంటోంది. మనం మన మనిషి అనుకుంటున్నాం."

"ఆమె ఏమనుకుంటోంది?"

"అది నువ్వే కనుక్కోవాలి."

ఉషా షాపులో కాలు పెట్టిన మగవాడు ఏదో ఒకటి కొనకుండా బయటికి వచ్చిన దాఖలాలు లేవు. గులాబీరంగు సిల్క్ బ్లౌజు, భుజాల దాకా నొక్కుల జుట్టు, బయట తెల్లటి కార్వెట్ కారు. దామోదర్ బంగారు ఫ్రేము కళ్లజోడు సర్దుకుని కోడ్ వాక్యం చెప్పాడు.

"ఎర్ర డబ్బాలో గ్రీజు దొరుకుతుందా?"

"ఎర్రది మానేశారు. నీలంది వాడి చూడండి." ఉషా నవ్వింది. ఎంత అందమైన నవ్వో దామోదర్‌కి అర్థమైంది. అర్థం కావడం వరకే. "ఏదైనా కొను, లేకపోతే అనుమానం వస్తుంది. ఇది తీసుకో. గ్యాస్ గన్. గ్యాస్ సీసా, దాన్ని గన్‌కి తగిలించే గొట్టం ఎక్స్‌ట్రా."

మొదటి ఆదివారం చర్చి లంచ్‌లో పులిహోర ప్లేటుతో కృపావరం పక్కన కూర్చున్నాడు. తనకీ ఒక జపాన్ గన్ ఉందని ఓ మాట అన్నాడు. అంతే. కృపావరం ప్లేటు వదిలేసి అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏ మోడలయ్యా? లోపలి గొట్టం అల్యూమినియమా, ఇత్తడా? అల్యూమినియమే అయ్యుంటుంది, మోసం. ఇవాళే ఇంటికి రా. భోజనం అయింది కదా, పద పద."

యాభైరెండేళ్ల మనిషి. బట్టతల, బొద్దు మీసం. బేస్‌మెంట్ నిండా తుపాకులే. గోడకి వరసగా మేకులు, ప్రతి మేకు కింద ఇండియన్ ఇంక్‌తో రాసిన చీటీ. భార్య దేవకుమారి మెట్ల మీంచి ఫిల్టర్ కాఫీ అందించి, "దొరికాడా ఇంకొకడు?" అని పైకి వెళ్లిపోయింది.

దామోదర్ మొదటి రోజే తప్పు చేశాడు. తన గన్‌కి కుట్టుమిషను ఆయిల్ పోశానని గొప్పగా చెప్పాడు. సర్వీస్ రివాల్వర్‌కి పదకొండేళ్లుగా ఆయిల్ పోస్తున్న చెయ్యి మరి. కృపావరం దాన్ని విప్పి, ఉబ్బిపోయిన రబ్బరు రింగును పట్టకారుతో తీసి చూపించాడు.

"చంపేశావు కదయ్యా దీన్ని! ఇది ఇనుముకి పోసే నూనె. రబ్బరుకి సిలికాన్ ఆయిల్ తప్ప ఏదీ పడదు. ఉషా చెప్పలేదూ?"

"నేనే అడగలేదండీ."

"అడగాలి. తెలియనిది అడగటంలో సిగ్గేముంది?"

అలా మూడు వారాలు. కృపావరం ఆఫీసు అవగానే బేస్‌మెంట్. రింగు మార్చారు. వాల్వు స్ప్రింగ్ కొంచెం గట్టిది వేశారు. అల్యూమినియం గొట్టం తీసేసి కృపావరం దాచుకున్న ఇత్తడి గొట్టం బిగించారు. దాని లోపల నున్నగా చెయ్యాలంటే సన్నటి కడ్డీకి గుడ్డ చుట్టి, పాలిష్ రాసి, ముందుకీ వెనక్కీ లాగుతూ ఉండాలి. దామోదర్ మూడు సాయంత్రాలు లాగాడు. ఆ పని చేస్తున్నంతసేపూ తల ఖాళీగా ఉండేది. అయితే ఆ ఖాళీ మామూలు ఖాళీ కాదని, కాస్త వెచ్చగా ఉందని ఒకసారి అనిపించింది. రిపోర్టులో రాయదగిన విషయం కాదు కాబట్టి రాయలేదు.

నవంబర్ 20, శుక్రవారం మధ్యాహ్నం. ఉషా షాపు.

"రేపు ఆటలోనే," అంది ఉషా, రసీదు రాస్తూ. "మొత్తం పద్నాలుగు మంది ఆడతారు. అందులో ఒకడి చేతిలో ఉండేది బొమ్మ కాదు. సైలెన్సర్ ఉంటుంది. చప్పుడు రాదు."

"ఎవడు?"

"ఆకుపచ్చ మాస్క్. కొత్తవాడు. రాజ్ అని చెప్పుకుంటున్నాడు."

దామోదర్ పబ్లిక్ ఫోన్ నుంచి హెర్న్‌డన్‌కి రింగ్ చేశాడు. ఆట కేన్సిల్ చేయించనా అన్నాడు. వద్దన్నాడు సామ్యూల్. రేపు తుపాకీతో సహా దొరక్కపోతే సోమవారం కోర్టు మెట్ల మీద ఇంకొకడు కాలుస్తాడు, అక్కడ ఏ ముఖమో కూడా తెలియదు. రోడ్డు మీద వ్యాన్‌లో నలుగురుంటారు. దామోదర్ బెల్టు బకిల్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. నొక్కితే చాలు, రెండు నిమిషాల్లో దిగుతారు.

"అంటే కృపావరం గారు ఎర అన్నమాట."

"అంత మాటెందుకు? నువ్వున్నావుగా."

రామమోహన్‌కీ నేనే ఉన్నాను అని దామోదర్ అనలేదు.

శనివారం ఉదయం తొమ్మిది. ట్రాయ్‌కి ఉత్తరాన ఎవరో రైతు అద్దెకిచ్చిన మేపుల్ తోపు. ఆకులన్నీ రాలిపోయాయి. టెంపరేచర్ ఇరవై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్. నీళ్లు గడ్డకట్టే చలి. పద్నాలుగు మంది గాగుల్స్ పెట్టుకుని రెండు టీములయ్యారు.

కారు దిగగానే దామోదర్ బకిల్ నొక్కి టెస్ట్ చేశాడు. చెవిలో రావాల్సిన బీప్ రాలేదు. చలికి బ్యాటరీ చచ్చిపోయింది. రోడ్డు మీది వ్యాన్ దాకా వెళ్లొచ్చేలోపు ఆకుపచ్చ మాస్క్ కళ్లు తప్పిపోతాడు. బోలెడు రీసెర్చ్ చేసి తయారుచేసిన బకిల్ ఇప్పుడు ప్యాంటు జారకుండా ఆపడానికి మాత్రమే పనికొస్తోంది. చీలమండ దగ్గర రివాల్వర్ ఉంది, పైన రెండు ప్యాంట్లు, బూట్లు. వేళ్లకి స్పర్శ పోయింది.

మొదటి రౌండ్ అంతా అతను ఆకుపచ్చ మాస్క్ వెనకే తిరిగాడు. ఎవరి పూసా పదిహేనడుగులు దాటలేదు. తుపాకులు తుస్సుమంటున్నాయి. విజిల్ పడగానే అందరూ కోట్లు విప్పి గ్యాస్ సీసాలు లోపల పెట్టేసుకున్నారు.

"నీ సీసా బయట వేలాడేశావేమయ్యా!" కృపావరం కోప్పడుతూ వచ్చాడు. "చలికి గ్యాస్ ప్రెషర్ పడిపోతుంది. చంకలో పెట్టు. ఒంటి వేడి తగలాలి. స్వెట్టర్ లోపలికి... ఇంకా లోపలికి! గ్యాస్ గొట్టం ఒక్కటే బయటికి ఉంచు. హాఁ, అలాగ."

మంచుగడ్డలాంటి సీసా పక్కటెముకలకి తగిలింది. పక్కనే ఆకుపచ్చ మాస్క్ గంతులేస్తున్నాడు.

"అన్నా, నా చంక పోయిందన్నా! ఇది వేడెక్కేలోపు నేను చచ్చేలా ఉన్నా!"

దామోదర్ అతన్నే చూశాడు. రాజ్ రెండు చేతులతో సీసాని గుండెకి అదుముకుని వణికిపోతున్నాడు. అసలు తుపాకీ ఉన్నవాడికి గ్యాస్‌తో పనేమిటి? వాడి చలిమంట వాడి తూటాలోనే ఉంటుంది.

రాజ్ కాదు.

దామోదర్ తోపు అంతా కలయజూశాడు. ఒకడు కోటులో, ఒకడు టోపీలో, ఒకడు ఏకంగా ప్యాంటులో. అందరూ సీసాలని చంటిపిల్లల్లా కాచుకుంటున్నారు. పన్నెండు మంది. తనతో పదమూడు.

పద్నాలుగో మనిషి ఓ చెట్టుకి ఆనుకుని తీరిగ్గా నిలబడి ఉంది. తెల్లటి ఫర్ కోటు. బెల్టుకి బయటే వేలాడుతున్న గ్యాస్ సీసా. దాని మీద మంచు పొడిలా పేరుకుంది. ఏళ్ల తరబడి ఆ సీసాలు అమ్ముతున్న ఉషా. మొదటి రౌండ్‌లో ఒక్క పూస కూడా కాల్చలేదు.

రెండో విజిల్ పడింది.

అందరూ అరుస్తూ పరిగెత్తారు. కృపావరం తన కొత్త గన్ ఎత్తిపట్టుకుని ఖాళీ జాగాలోంచి పోతున్నాడు. వెడల్పాటి వీపు. ఉషా గాగుల్స్ నుదుటి మీదికి తోసింది. ఒక కన్ను మూసి గురిచూసింది.

రివాల్వర్ తీసే టైమ్ లేదు. కేకేస్తే ఆ గోలలో ఇంకో కేక అవుతుంది. దామోదర్ చేతిలో ఉన్నది ఒక్కటే. ముప్ఫై అడుగుల దూరం. ఎత్తి, ట్రిగర్ నొక్కి పట్టుకున్నాడు.

వెచ్చబడ్డ సీసా, గట్టి స్ప్రింగ్, మూడు సాయంత్రాలు సాన పట్టిన ఇత్తడి గొట్టం. తెల్లటి పూసలు గీత గీసినట్టు వెళ్లి ఉషా చెంప మీద టపటపా తగిలాయి. ప్లాస్టిక్ పూస మనిషిని చంపదు. కానీ రెప్ప వేయిస్తుంది.

ఉషా రెప్ప వేసింది. గన్ పైకి లేచింది. 'ఠప్'మని చిన్న చప్పుడు. కృపావరం తలకి జానెడు పైన మేపుల్ కొమ్మ విరిగి ఆయన భుజం మీద పడింది.

"వావ్! ఏం స్ప్రింగ్ వేశావ్ ఉషా?" అని మెచ్చుకున్నాడు రాజ్.

ఆమె రెండోసారి గురి చూసేలోపు దామోదర్ మీదపడ్డాడు. తుపాకీ లాక్కుని మోకాలితో అదిమిపెట్టాడు. సైలెన్సర్ వేడిగా ఉంది. ఆ రోజు తోపులో దానంతటదే వేడెక్కిన తుపాకీ అదొక్కటే.

"రామమోహన్‌ని కూడా నువ్వేనా?" అడిగాడు.

"అతనికి నొప్పి తెలియలేదు," అంది ఉషా, చెంప మీద ఎర్రటి మచ్చలతో. "నీకేమైనా తెలిసిందా?"

దామోదర్ కోపం కోసం చూశాడు. రాలేదు. ఈలోగా కృపావరం రొప్పుతూ వచ్చాడు.

"అబ్రహాం! బుద్ధుందా? గాగుల్స్ తీసేసిన మనిషిని మొహం మీద కాలుస్తావా? కన్ను పోతే? లే ముందు, లే! ఆడమనిషి మీద ఏమిటా కుస్తీ?"

దామోదర్ పడి ఉన్న తూటా తొడుగు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. ఇత్తడి. ఇంకా గోరువెచ్చగా ఉంది. కృపావరం దాన్ని చూశాడు. భుజం మీద కొమ్మని చూశాడు. మెల్లగా గడ్డిలో కూర్చుండిపోయాడు.

దామోదర్ చెప్పగా రాజ్ రోడ్డు దాకా పరిగెత్తుకెళ్లి వ్యాన్‌లోవాళ్లని పిలుచుకొచ్చాడు. వాళ్లు ఉషాని తీసుకెళ్లారు. కృపావరం కారులో హీటర్ వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు.

"నీ పేరు అబ్రహాం కూడా కాదా?"

"దామోదర్ అండీ."

"చర్చికి రావడం?"

"డ్యూటీ."

"మా ఆవిడ చేసిన గోంగూర బావుందన్నావు."

"అది నిజమే."

కృపావరం అద్దం మీద పట్టిన ఆవిరి చేత్తో తుడిచాడు. ఆయన మొహం చిన్నబోయింది. ప్రాణం పోయినంత పని అయిందన్న భయం కంటే, ఈ మూడు వారాల స్నేహం గవర్నమెంటు ఏర్పాటన్న బాధే ఆయనకి ఎక్కువగా ఉంది.

"మూడు సాయంత్రాలు ఆ గొట్టానికి పాలిష్ పట్టావు. అదీ డ్యూటీయేనా?"

దామోదర్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది.

"అది చెయ్యమని నాకెవరూ చెప్పలేదండీ."

అలా అన్న తర్వాత అతను రెండు చేతులూ హీటర్ ముందు పెట్టాడు. తూటా ఇంకో జానెడు కిందికి పోయుంటే ఈ సీటులో ఈ మనిషి ఉండేవాడు కాదు. ఇరవై నిమిషాలు ఆలస్యంగా దామోదర్‌కి భయం వేసింది. తర్వాత, ఇరవై అయిదు రోజులు ఆలస్యంగా, డెంటిస్ట్ ఆఫీసు ముందు పడిపోయిన మనిషి గుర్తొచ్చాడు. కృపావరం హీటర్ ఇంకాస్త పెంచాడు.

సోమవారం కృపావరం నాలుగు గంటలు సాక్ష్యం చెప్పాడు. సాయంత్రానికల్లా పదకొండు మంది అరెస్టయ్యారు. సెక్షన్ నైన్‌లో కేకు కోశారు. శుక్రవారం క్లబ్బు లెటర్‌హెడ్ మీద టైపు చేసిన ఉత్తరం ఒకటి దామోదర్ బల్ల మీదికి వచ్చింది.

గాగుల్స్ లేని సభ్యురాలి ముఖం మీద కాల్చినందుకు దామోదర్ అలియాస్ అబ్రహాంని రెండు నెలలు ఆట నుంచి సస్పెండ్ చేయడమైనది. ఆ కాలంలో వచ్చే ఎనిమిది శనివారాలూ అతను ప్రెసిడెంట్ గారి బేస్‌మెంట్‌కి హాజరై, క్లబ్బు తుపాకులన్నీ విప్పి శుభ్రం చేయవలెను. భోజనం ఉంటుంది. ఇట్లు, కృపావరం, ప్రెసిడెంట్.

"ఒక్క ఫోన్ కొట్టి కేన్సిల్ చేయించనా?" అన్నాడు సామ్యూల్, నవ్వాపుకుంటూ.

"వద్దు సర్. రూల్ రూలే."

దామోదర్ ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి ట్రాయ్ పక్కనున్న డెట్రాయిట్‌కి ఎనిమిది శనివారాలకి సీట్లు బుక్ చేశాడు. శుభ్రం చేయాల్సినవి పదమూడే. పద్నాలుగోది ఎవిడెన్స్ రూమ్‌లో ఉండిపోవడంతో ఆ మేరకు శిక్ష తగ్గింది.