ఇంకో వారం పరిశీలన

"ఎవరు కట్టారీ కట్టు?"

"నేనే."

"ఇది కుక్క కాలనుకున్నారా, కరెంటు వైరనుకున్నారా?"

జంతువుల షెల్టర్‌లో వైద్యం గది. స్టీలు బల్ల మీద కుక్క పడుకుని ఉంది. దాని వెనక కాలికి ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పైనుంచి కింది దాకా నల్ల టేపు చుట్టి ఉంది. బల్లకి అవతల నిలబడ్డ మనిషికి మోచేతుల దాకా గ్రీజు. లిఫ్టు మెకానిక్కట. ఒక పాత భవనంలో రిపేరుకి వెళితే లిఫ్టు కింద గుంతలోంచి మూలుగు వినిపించిందట. దిగి చూస్తే ఇది.

"చేతిలో అదే ఉంది డాక్టర్ గారూ. విరిగింది కదలకూడదు కదా అని..."

"మనుషులు దొరికినా ఇలాగే చుడతారా?"

"మనుషులైతే ఎక్కడ నొప్పో అరిచి చెప్తారు. ఇది చెప్పలేదు. అందుకే మొత్తం చుట్టేశాను."

డాక్టర్ కత్తెర అందుకుంది. టేపు కోస్తున్నకొద్దీ ఒక సంగతి తెలిసివచ్చింది. కట్టు సరిగ్గానే ఉంది. విరిగిన చోటుకి పైన కీలూ కింద కీలూ రెండూ కదలకుండా పట్టి ఉంచాడు. తప్పు దొరకలేదనే తనకి కోపం పెరుగుతోందని గమనించుకుని, ఆమె ఇంకాస్త చిరాకుపడింది.

"పేరేమైనా పెట్టారా? కార్డు మీద రాయాలి."

"బాబాయ్."

"ఏంటీ?"

"మా బాబాయికి అచ్చం ఇదే గెడ్డం. నెరిసి, ఒక పక్కకి వంకరగా ఉంటుంది." అతను గొంతు తగ్గించాడు. "ఆయనకి తెలీదు లెండి."

నవ్వు ఆపుకోవడానికి ఆమె కార్డు మీదకి వంగింది.

"నా స్క్రూడ్రైవరు?"

"కడిగి ఇస్తాం. సోమవారం రండి."

స్క్రూడ్రైవర్ కడగడానికి రెండు నిమిషాలు చాలు. సోమవారం దాకా ఎందుకన్నదో ఆమె ఆలోచించలేదు. ఆలోచించడం ఆమెకి బాగా అలవాటే గాని, కొన్ని ప్రశ్నల దగ్గర ఆమె మనసు పనుందంటూ లేచి వెళ్ళిపోతుంది.

ఎముకకి ప్లేటు వేసి బిగించారు. ఆరు వారాలు గదిలోనే కట్టి ఉంచాలి. నయమయ్యాక తనే తీసుకెళ్తానని మెకానిక్ ఫారం నింపాడు. ఇంట్లో ఉండేది అతనూ తల్లీ. సోమవారం, గురువారం డ్యూటీ దిగి నాలుగింటికల్లా వచ్చేవాడు.

"బాబాయ్ ఎలా ఉన్నాడు?"

"మీ బాబాయి గారు పొద్దున నా గ్లవ్స్ మింగబోయారు."

"మా అసలు బాబాయీ అంతే. ఏది పెడితే అది తినేస్తాడు."

గదులు చూసుకునే పెద్దావిడ అక్కడే బకెట్లు కడుగుతూ ఉండేది. అందరూ ఆమెని అత్త అంటారు. ఈ మాటలు విని అత్త నవ్వేది కాదు. బకెట్లు మాత్రం రెండోసారి కడిగేది.

ఒక గురువారం గట్టిగా వాన పట్టుకుంది. అతను వెళ్ళలేక వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపు గొలుసుతో బయటికి తెచ్చిన కుక్క అతని బూటు మీద గెడ్డం ఆనించింది. చేతిలో ఉన్న కార్డుల పని గదిలో చేసుకోవచ్చని తెలిసి కూడా ఆమె బెంచీ రెండో కొసన కూర్చుంది. చూరు నీళ్ళు ఇద్దరి ముందూ పరదాలా దిగుతున్నాయి.

"లిఫ్టు ఎక్కిన ఇద్దరు మనుషులు ఒక్క మాటా లేకుండా ఎంత దూరం వెళ్ళగలరో తెలుసా?" అన్నాడతను.

"ఎంత?"

"పదకొండు అంతస్తులు. పన్నెండో దాంట్లో ఎవరో ఒకరు వాతావరణం గురించి అంటారు."

ఆమె వాన వైపు చూసింది. "ఇది ఎన్నో అంతస్తు?"

"మీరు మాట్లాడేశారుగా. ఇక లెక్క పోయింది."

ఆ సాయంత్రం కార్డుల మీద ఆమె రాతలో అక్షరాలు మామూలుకంటే గుండ్రంగా వచ్చాయి.

ఆరో వారం తీసిన ఎక్స్‌రేలో ఎముక అతుక్కుని ఉంది. ఆమె దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కార్డు మీద రాసింది: ఇంకో వారం పరిశీలన.

ఏడో వారం అదే రాసింది. ఎనిమిదో వారం కూడా.

మనిషి తనకి తాను చెప్పుకునే అబద్ధం అబద్ధంలా కనిపించదు. ఆమె దగ్గరికి అది జాగ్రత్త వేషంలో వచ్చింది. పెద్ద కుక్క, బరువు ఎక్కువ, తొందరపడితే ప్లేటు కదలొచ్చు. ప్రతి కారణమూ పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో లేనిది ఒక్కటే. కుక్క వెళ్ళిపోతే సోమవారాలూ గురువారాలూ మామూలు రోజులైపోతాయి.

తొమ్మిదో వారం, గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. బస్‌స్టాండు దగ్గర టీకొట్టు నడిపే ఆవిడట. ఏదో బండి తగిలి అక్కడొక కుక్కకి దవడ విరిగింది, తీసుకురానా అంది.

"గదులన్నీ నిండి ఉన్నాయమ్మా," అంది డాక్టర్. "ఒకటి ఖాళీ అవగానే నేనే ఫోన్ చేస్తాను."

ఫోను పెట్టేసేసరికి అత్త చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నాలుగో గదివాడు నిన్న గది కడగడానికి గొలుసు విప్పితే పిల్లిని తరుముతూ వరండా అరగోడ దూకాడు," అంది.

"ఎవరు, బాబాయా?"

"అటొకసారి, ఇటొకసారి."

"నాకెందుకు చెప్పలేదు అత్తా?"

"మీకు తెలీదని నాకు తెలీదమ్మా."

అత్త మాటలో వెటకారం లేదు. అందుకే అది సూటిగా తగిలింది. ఆమె నాలుగో గది కార్డు తీసి చూసింది. ఒకదాని కింద ఒకటి మూడు వరసలు, మూడింటా అవే మాటలు, గుండ్రటి అక్షరాలు. తను ఒక ప్రాణిని మూడు వారాలు ఊరికే కట్టిపడేసింది. ఇంకో ప్రాణి ఇప్పుడు విరిగిన దవడతో రోడ్డు పక్కన పడి ఉంది.

ఫోను తీసి టీకొట్టు ఆవిడతో చెప్పింది. "వెంటనే తీసుకురండి. గది ఉంది. ఇందాక నేను తప్పు చెప్పాను."

నాలుగింటికి మెకానిక్ వచ్చాడు.

"ఈరోజు బాబాయ్‌ని తీసుకెళ్ళొచ్చు," అందామె.

"ఈరోజేనా?" అతని మొహంలోకి సంతోషం రావడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆమె ఆ క్షణాన్ని చూసింది. అక్కడితో ఆగిపోవచ్చు. సంతకం పెట్టించుకుని, ఆ ఆలస్యాన్ని దాచుకుని బతికేయొచ్చు. కానీ అలా చేస్తే రేపెప్పుడైనా అతను ఇష్టపడేది జాగ్రత్తగల ఒక డాక్టర్ని. అలాంటి డాక్టర్ ఈ గదిలో లేదు.

"మూడు వారాల కిందటే తీసుకెళ్ళాల్సింది."

"అంటే?"

ఆమె ఎక్స్‌రే వెలుతురుకి పెట్టింది. "ఆరో వారంది. విరిగిన గీత కనపడుతోందా?"

"లేదు."

"నాకూ కనపడలేదు. అయినా ఇంకో వారం అని రాశాను. మూడుసార్లు."

"పొరపాటున?"

"కాదు. ఇది వెళ్ళిపోతే మీరు రారని."

అతను ఎక్స్‌రేని బల్ల మీద బోర్లించాడు.

"మా అమ్మ రోజూ బాల్కనీ తలుపు దగ్గర దుప్పటి పరుస్తోంది," అన్నాడు. "పొద్దున్నే దులిపి మళ్ళీ పరుస్తోంది. డాక్టర్ గారు చాలా జాగ్రత్త మనిషి, తొందరపడకని నేనే సర్దిచెప్తున్నా."

"నా మీద కోపం తెచ్చుకోండి. అది న్యాయమే."

"బాబాయ్ తరఫున వస్తోంది కోపం." అతను మెల్లగా అన్నాడు. "నా తరఫున రావట్లేదు. రెండూ కలిపి ఎలా మొయ్యాలో తెలీట్లేదు డాక్టర్ గారూ."

సంతకం చేసి, కుక్కని తీసుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర వెనక్కి తిరగలేదు. కుక్క కూడా తిరగలేదు. దానికి ఆ హక్కుందనుకుంది ఆమె.

అత్త నాలుగో గది కడిగింది. నేల ఆరేలోపే దవడ విరిగిన కుక్క వచ్చింది. వైరుతో దవడ కట్టేసరికి చీకటిపడింది. ఆ తర్వాతి మూడు రోజులూ ఆమె బాధపడింది గాని, ఆ బాధలో దాచాల్సింది ఏమీ లేదు. అలాంటి బాధతో పని చేసుకోవచ్చని ఆమెకి కొత్తగా తెలిసింది.

సోమవారం నాలుగింటికి గేటు వైపు చూడకూడదనుకుంది. చూడలేదు. నాలుగూ పదికి చూసింది. ఎవరూ లేరు. కొత్త కుక్క తల ఒళ్ళో పెట్టుకుని, సిరంజితో గంజి పడుతూ కూర్చుంది.

"తల కాస్త పక్కకి వంచండి. కారిపోతోంది."

ఆమె తలెత్తకుండానే కుక్క తల వంచింది. తర్వాత తలెత్తింది. ఎదురుగా మెకానిక్. చొక్కా ఉతికినదే, గ్రీజు లేదు.

"బాబాయ్ ఏడీ? ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు. మా అమ్మ మంచం కింద గురక పెడుతున్నాడు."

"మరి మీరు?"

"కుక్క లేకుండా రాగలనో లేదో చూద్దామని బయల్దేరాను. భయం వేసి రెండు స్టాపుల ముందే బస్సు దిగిపోయాను. అక్కణ్ణించి నడిచొచ్చాను. అందుకే లేటు."

"కోపం పోయిందా?"

"సగం ఉంది. మిగతా సగం మా అమ్మకిచ్చేశాను."

"అమ్మకి చెప్పేశారా?" సిరంజి ఆగిపోయింది. "మొత్తం?"

"మొత్తం."

"ఏమన్నారు?"

"ముందు ఆ పిల్లని నా ఎదుట కూర్చోబెట్టు అంది. ఆదివారం. మొదట తిట్లు, తర్వాత భోజనం."

"ఎంతసేపు తిడతారు?"

"మూడు వారాలకి సరిపడా."

కుక్క ఓపిక నశించి ఆమె మణికట్టుని ముక్కుతో పొడిచింది. ఆమె మళ్ళీ గంజి పట్టడం మొదలుపెట్టింది. చెవులు వేడెక్కడం తెలుస్తోంది. అతను చూస్తున్నాడని తెలిసినా, మొహం తిప్పుకోవాలనిపించలేదు.

"వస్తాను. తిట్లు ఒక్కటి కూడా తగ్గించొద్దని చెప్పండి."

"నేనొచ్చి తీసుకెళ్తా."

"వద్దు. నా అంతట నేను రావాలి. అడ్రసు చెప్పండి."

"మీ దగ్గర ఫారంలో ఉందిగా."

"అది కుక్కని పంపడానికి రాయించుకున్నది. నాకు మీరు చెప్పండి."

అతను చెప్పాడు. చేతులు ఖాళీ లేక ఆమె రాసుకోలేకపోయింది. వీధి, మలుపు, అంతస్తు నోటితో అప్పజెప్పింది. తలుపు నంబరు దగ్గర తడబడింది. అతను ఆమె పక్కనే నేల మీద కూర్చుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.