ఖాళీ కడ్డీ గ్రాఫు

"ఫిల్మ్ పెట్టకుండా మెషీన్ ఎప్పుడైనా నడిపి చూశారాండీ?"

రాజమండ్రి కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో కొత్తగా చేరిన వీరదుర్గ అడిగింది. నెల నుంచీ ఆమె వస్తోందంటే చాలు, టేబుల్ సర్దుకుని కూర్చుంటున్న సత్తిరాజుకి ఒళ్ళు మండింది.

"ఫిల్మ్ లేకుండా ఏం కొలుస్తామండీ? గాలినా?"

"మా అమ్మ ఉప్పాడలో చేపలమ్ముతుందండి. ముందు ఖాళీ బుట్ట తూచి చూపించకపోతే ఒక్కరూ కొనరు."

పీహెచ్‌డీకీ చేపల బుట్టకీ పోలికా! ఫిల్మ్ అంటే రెండు లోహపు పొరలు, వెంట్రుకలో వెయ్యో వంతు మందం కూడా ఉండవు. అవి కలిసే చోట ఒకదాన్నొకటి అయస్కాంతంలా ఎంత లాక్కుంటాయో మూడేళ్ళుగా కొలుస్తున్నాడు. గ్రాఫు ఎంత ఘనంగా వచ్చిందంటే, గైడు పెద్దిరాజుగారు పేపరు వాళ్ళకి అప్పుడే చెప్పేశారు. తనకి కప్పాల్సిన శాలువా తనే కొనుక్కున్నారు కూడా. శుక్రవారం సెమినార్ గట్టెక్కితే థీసిస్ ఇచ్చెయ్యడమే.

ఆమె నోరు మూయించాలని, ఫిల్మ్ అంటించే కడ్డీని ఖాళీగా మెషీన్లో పెట్టాడు. అదే గ్రాఫు. అచ్చం అదే!

"ఓరి నాయనో!" అని కడ్డీ బయటికి లాగాడు. కొసన కుంకుమ బొట్టు. ఏటా దసరాకి ఆయుధపూజ చేసి పెద్దిరాజుగారు మెషీన్‌లో ఒక్క భాగాన్నీ వదలకుండా బొట్లు పెడతారు. కుంకుమేమో ఇనప పొడి కలిపిన చవక రకం. కడ్డీ కడిగి, ఫిల్మ్ అంటించి మళ్ళీ కొలిస్తే గీత చాప పరుచుకుని పడుకుంది.

"మేమూ పడవకి బొట్టు పెడతామండి. కాటాకి మాత్రం పెట్టం" అంది వీరదుర్గ. నవ్వలేదు. ఆమె మొహంలో జాలి చూసి సత్తిరాజుకి ఏడుపొచ్చినంత పనైంది.

పెద్దిరాజుగారు విని తలుపేశారు. "నోరు మూసుకుంటే డాక్టర్ సత్తిరాజువి. తెరిచావో, ఇంకో ఏడాది ఇక్కడే పడుంటావ్. నీ ఇష్టం!"

శుక్రవారం. ముందు వరసలో శాలువా, పళ్ళెం, ఫోటోగ్రాఫరు. సత్తిరాజు మైకు పట్టుకుని వీరదుర్గ కేసి చూశాడు. ఆమె తల దించుకుని ఉంది.

"నమస్కారమండీ. మూడేళ్ళుగా నేను కొలిచింది కుంకుమనండీ" అనేశాడు.

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దిరాజుగారు శాలువా చంకలో పెట్టుకుని లేచిపోయారు.

బయట వాన. వరండాలో వీరదుర్గ ఎవరితోనో ఫోన్ మాట్లాడి పెట్టేసింది.

"మళ్ళీ మొదటినించీ మొదలెట్టాలండీ. ఇంకో ఏడాది" అన్నాడు సత్తిరాజు దిగాలుగా.

"తెలుసండి. ఈ వేసవిలో పెళ్ళి చేసేస్తామని మా ఇంట్లో గోల. ఏడాది ఆగమని ఇప్పుడే చెప్పాను."

"ఏడాదా? మీరెందుకండీ ఆగడం?"

"పీహెచ్‌డీ చేస్తున్నారు, ఆమాత్రం తెలీదా?" అని ఆమె వానలోకి దిగి వెళ్ళిపోయింది.

తెలియడానికి సత్తిరాజుకి అర నిమిషం పట్టింది. తెలిశాక మాత్రం, గొడుగు సంగతే మరిచిపోయి పరిగెత్తాడు.