పదకొండో గదిలో ఇద్దరే

1982 జూలై. ఆదివారం. సాయంత్రం ఆరూ ఇరవైకి రేణు కనబడకుండా పోయింది.

ఆరూ నలభైకి ఆమె అక్క వసుమతి, నీళ్లలోకి వేసిన చెక్కల డాక్ మీద పరిగెత్తుతోంది.

కాళ్లకు చెప్పులు లేవు. పగలంతా ఎండకు కాగిన చెక్కలు. అరికాళ్లు మండుతున్నాయి. ఒక చేత్తో చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుంది.

"రేణూ..."



ఎడమ పక్క బీచ్. కొబ్బరి చెట్ల కింద బ్యాండ్ వాయిస్తున్నారు. ఎండకు ఎర్రగా కమిలిన టూరిస్టులు అరటాకు బొమ్మల చొక్కాల్లో తిరుగుతున్నారు. ఫ్లోరిడా కొసన, సముద్రం మధ్య దీవి మీద ఉన్న చిన్న ఊరు పెలికన్ బే. సెలవులకు అందరూ వచ్చే చోటు.

ఒక్కరూ ఆమె వైపు చూడడం లేదు.

డాక్ చివర ఏదో నీలంగా కనిపిస్తోంది.

రబ్బరు చెప్పు. ఒక్కటే.

వసుమతి వంగి తీసుకుంటుంది. రేణుదే.

అప్పుడు వినబడుతుంది... మోటార్ చప్పుడు.

కుడి పక్క మడచెట్లు. నీళ్లలోకి వేళ్లు దించుకుని గుబురుగా ఉన్నాయి. వాటి మధ్యకు ఒక తెల్ల బోట్ నెమ్మదిగా వెళుతోంది. బోట్‌లో ఇద్దరు మగవాళ్లు. వాళ్ల కాళ్ల దగ్గర నల్ల ప్లాస్టిక్ చుట్టిన మూటలు. మూటల మధ్య పసుపు షర్ట్.

రేణు షర్ట్.

రేణు తల ఒకసారి పైకి లేస్తుంది. ఒక చెయ్యి దాన్ని కిందికి నొక్కుతుంది.

మోటార్ ఆగిపోతుంది. బోట్ ఆకుల వెనక కనబడదు.

మధ్యలో రెండు వందల గజాల నీళ్లు. వసుమతికి ఈత రాదు.

వెనక్కి తిరిగి పరిగెత్తుతుంది.

తప్పు ఎక్కడ మొదలైందో ఆమెకు తెలుసు. తాము ఉండే హెర్న్‌డన్ నుంచి రెండు రోజులు డ్రైవ్ చేసి ముగ్గురు వచ్చారు... ఆమె, భర్త జగదీష్, చెల్లెలు రేణు. మనిషి పెరిగితే అద్దె పెరుగుతుందని మోటెల్‌లో గది మాత్రం ఇద్దరి పేరునే తీసుకున్నారు. తెలిసినవాళ్లందరూ అలాగే చేసేవారు. రాజగోపాల్ గారైతే నయాగరాలో ఒకే గదిలో తొమ్మిది మందిని పడుకోబెట్టానని ఇప్పటికీ పార్టీల్లో చెబుతారు. అందరూ నవ్వుతారు. అది తప్పని ఎవరికీ తోచలేదు.

రేణు వెనక కిటికీలోంచి గదిలోకి వచ్చేది. ఎవరైనా తలుపు తడితే అందులోంచే దిగిపోయేది. ఆమె బట్టలు అక్క సూట్‌కేస్‌లో. టూత్‌బ్రష్ అక్క హ్యాండ్‌బ్యాగ్‌లో. దుప్పటి పొద్దున్నే కారులోకి.

ఇవాళ ఇంగువ పోపు వాసనకు పక్క గదివాళ్లు కంప్లైంట్ చేశారు. మేనేజర్ వచ్చి తలుపు తట్టాడు.

"మళ్లీ కిటికీనా బావా? నేను మరదలినా, దొంగనా?" అంది రేణు, ఒక కాలు అవతలికి వేసి.

"ప్రస్తుతానికి దొంగవే. దిగు తల్లీ," అన్నాడు జగదీష్ గొంతు తగ్గించి.

నవ్వుకుంటూ దిగింది. డాక్ వైపు వెళ్లింది.

తిరిగి రాలేదు.

మోటెల్ ఆఫీస్.

వసుమతి తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. జగదీష్ అప్పటికే అక్కడ ఉన్నాడు. కౌంటర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు. ఎందుకో అడిగే వ్యవధి ఆమెకు లేదు.

పోలీసులకు ఫోన్ చెయ్యమంటుంది. మేనేజర్ వేన్ మారు మాట లేకుండా చేస్తాడు. బక్కపలచని మనిషి. నెమ్మదైన గొంతు. ఆమెకు కుర్చీ వేస్తాడు. మంచినీళ్లు ఇస్తాడు.

పది నిమిషాల్లో పోలీసు కారు వస్తుంది. ఒకే ఆఫీసర్. నడివయసు మనిషి.

వసుమతి చెబుతుంది. బోట్... మూటలు... పసుపు షర్ట్... అతను అన్నీ రాసుకుంటాడు. మడచెట్ల దగ్గర జాలర్ల బోట్లు రోజూ ఆగుతాయని వేన్ అంటాడు. అని, రిజిస్టర్ తెరిచి ఆఫీసర్ వైపు తిప్పుతాడు.

పదకొండో గది. ఇద్దరు. కింద జగదీష్ సంతకం.

వసుమతి నిజం చెప్పేస్తుంది. మేము ముగ్గురం, దాచాం, తప్పు మాదే అంటుంది.

ఆఫీసర్ గది చూస్తానంటాడు.

రెండు దిండ్లు. రెండు తువ్వాళ్లు. రెండు కప్పులు.

మూడో మనిషి ఆనవాలు లేదు. వాళ్లే లేకుండా చేశారు. రెండు రోజులుగా, ఎంతో జాగ్రత్తగా.

ఫోటో ఉందా అని అడుగుతాడు. ఉంది... కెమెరాలో, ఇంకా కడిగించని రీలులో. సూట్‌కేస్ తెరుస్తుంది. ఎవరి బట్టలు ఎవరివో అతనికి ఎలా తెలుస్తుంది? డాక్ మీద దొరికిన నీలం చెప్పు, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టూత్‌బ్రష్ తీసి చూపిస్తుంది. అతను వాటిని చూడడు. ఆమె ముఖం చూస్తాడు. ఆ చూపులో జాలి ఉంది. అనుమానం కంటే అది ఆమెను ఎక్కువ భయపెడుతుంది.

ఆఫీసర్ జగదీష్ వైపు తిరుగుతాడు.

"సర్, మీరు ఎంతమంది వచ్చారు?"

జగదీష్ భార్య వైపు చూడడు.

"ఇద్దరం."

వసుమతికి ఒక్క క్షణం ఏమీ వినబడదు.

వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదని, లేనివి ఉన్నట్టు చెబుతోందని జగదీష్ మెల్లగా అంటున్నాడు. ఆఫీసర్ నోట్‌బుక్ మూస్తాడు. ఆమెను పడుకోబెట్టమని చెప్పి బయటికి వెళతాడు.

తలుపు మూసుకుంటుంది.

వసుమతి భర్త చొక్కా పట్టుకుంటుంది. "ఏం చేశారండీ మీరు?"

"అరగంటలో వదిలేస్తారు వసూ. మేనేజర్ చెప్పాడు."

"మేనేజరా?"

"వాడూ వాళ్లలో ఒకడే. వాళ్లు దొంగ సరుకు మూటలు దించుతుంటే రేణు చూసేసింది. నువ్వు డాక్ మీద ఉన్నప్పుడు నన్ను పిలిచి చెప్పాడు. ఇద్దరమే వచ్చామంటే చాలన్నాడు. లేకపోతే..." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "రిజిస్టర్‌లో లేని మనిషి కోసం ఎవరూ వెతకరన్నాడు. నేను పెట్టిన సంతకమే నాకు చూపించాడు."

"మిమ్మల్ని భయపెట్టడానికి అన్నాడనుకున్నారా? వాళ్లు చెయ్యబోయేది చెప్పాడండీ."

జగదీష్ మంచం మీద కూలబడతాడు. వాచ్ చూసుకుంటాడు.

"ఇంకా పది నిమిషాలున్నాయి. ఆగు వసూ. నీకు దణ్ణం పెడతాను."

ఆమె ఆగదు.

బయట పోలీసు కారు కదులుతోంది. గేటు దగ్గర రోడ్డు దాటుతున్న టూరిస్టుల కోసం నెమ్మదించింది. చివరి మనిషి దాటాడు. కారు వేగం అందుకుంటోంది.

వసుమతి దానికి అడ్డంగా వెళుతుంది.

బ్రేకు. టైర్ల కీచుమన్న చప్పుడు. బంపర్ ఆమె మోకాలికి జానెడు దూరంలో ఆగుతుంది.

ఆఫీసర్ విసురుగా దిగుతాడు. ఆమెకు ఊపిరి అందడం లేదు. రెండు చేతులూ కారు మీద ఆనించి, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే కూడగట్టుకుంటుంది.

"నా భర్త అబద్ధం చెప్పాడు. మేనేజర్ చెప్పించాడు. నా చెల్లెలు బోట్‌లో ఉంది."

అతను ఆమె కళ్లలోకి చూస్తాడు. ఈసారి జాలి లేదు. మెల్లగా తల తిప్పి మోటెల్ వైపు చూస్తాడు.

ఆమె కూడా చూస్తుంది.

ఆఫీస్ గుమ్మంలో వేన్. కారును చూస్తున్నాడు. కారు మీద ఆనించిన ఆమె చేతులను చూస్తున్నాడు. తొందర లేకుండా గదుల వైపు నడుస్తాడు. తొమ్మిది... పది...

ఆ గదిలో జగదీష్ ఉన్నాడు. వేన్ మాట విన్నవాడు అతనొక్కడే.

"ఏమండీ!"

వేన్ లోపలికి వెళ్లాడు.

తుపాకీ పేలింది.

బీచ్‌లో బ్యాండ్ ఆగిపోయింది. ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఆఫీసర్ పిస్తోలు తీసి, ఆమెను కారు వెనక్కి నెట్టి, పదకొండో గది వైపు పరిగెత్తాడు.

సరిగ్గా అప్పుడే మడచెట్లలో మోటార్ మళ్లీ మొదలైంది.

వసుమతి గది వైపు చూసింది. నీళ్ల వైపు చూసింది. వచ్చిన పోలీసు ఒక్కడే. అతను గది తలుపు దగ్గర ఉన్నాడు.

బోట్ వైపు ఇంకా ఎవరూ వెళ్లలేదు.