థర్మోకోల్ మూలరాయి

ఆ ఉదయం కాఫీ తాగుతూ ఫోన్ పెట్టేసిన ఆరిన్ తనలో తనే నవ్వుకున్నాడు. కూతురు టెస్సా ఇంటి గోడని వడ్రంగిపిట్ట పొడిచేస్తోందట.

ఆరిన్ జీవితమంతా రాతి ఇళ్ళకి మూలలు కట్టాడు. ఒక రాయి పొడుగు ఇటు వస్తే దాని మీది రాయి పొడుగు అటు రావాలి. అలా మెలేసుకుంటూ చూరు దాకా పోవాలి. సరస్సు ఒడ్డున వాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళలో పాత గులకరాళ్ళ ఇళ్ళు నేటికీ నిలబడ్డాయంటే ఆ మూలరాళ్ళ చలవే. అలాంటి మనిషి కూతురు కొత్త ఇల్లు కొంటే, దాన్ని కట్టినవాళ్ళు మూలలకి థర్మోకోల్ దిమ్మలు అంటించి రాయి రంగు పూశారు. ఆరిన్ కారు దిగకుండానే చూసి, అవి మూలరాళ్ళు కావు, కేకు మీద క్రీము అని వెనక్కి తిప్పేశాడు. ఏడాదైనా ఆ గడప తొక్కలేదు. భార్య గ్లెండా ఒక్కతే మాకరోనీ గిన్నె పట్టుకుని వెళ్ళొస్తోంది.

ఇప్పుడు మాత్రం నిచ్చెన తనే బండిలో వేశాడు.

"సాయానికా, సంబరానికా?" అంది గ్లెండా.

"రెండిటికీను."

అక్కడ అల్లుడు కర్టిస్, ఇరుగుపొరుగు చూడకముందే మూల దిమ్మలో పిట్ట పొడిచిన కన్నం పూడ్చెయ్యాలని, కొట్టగానే గట్టిపడే నురగ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఆరిన్ వాకిట్లోనే రాయి గొప్పతనం మీద ఉపన్యాసం దంచి, నిచ్చెనెక్కి, కన్నంలో వేలు పెట్టాడు. లోపల కిచకిచమన్నాయి పిల్లలు. తల్లిపిట్ట వచ్చి నెత్తి మీద ఒక్క పోటు పొడిచింది.

కింద నుంచి కర్టిస్ డబ్బా ఉన్న చెయ్యి కన్నం వైపు చాచాడు.

"మూలరాయి మీద చెయ్యి వేయకు!" అని అరిచాడు ఆరిన్.

టెస్సా చిన్నప్పుడు, కొత్తగా కట్టిన మూలకి సున్నం పచ్చిగా ఉంటే తండ్రి అరిచే అరుపది. టెస్సా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వూ ఆగలేదు.

"నాన్నా, దాన్ని మూలరాయి అన్నావు."

ఆరిన్ నెత్తి రుద్దుకున్నాడు. "ఓ సంసారాన్ని మోస్తోంది కదే. మరేమంటారు?"

పిల్లలు ఎగిరేదాకా రోజూ వచ్చి తనే కాపలా ఉంటానని, వాకిట్లో కుర్చీ వెయ్యమని అన్నాడు.

"కుర్చీలు లోపల కూడా ఉన్నాయి నాన్నా."

ఆరిన్ బూట్లు చాలాసేపు తుడుచుకున్నాడు. గడప దాటబోతూ, అలవాటు కొద్దీ పక్కనున్న దిమ్మని తట్టాడు. అది డొల్లగా మోగింది. నోరు తెరిచాడు.

"మూలరాయి మీద చెయ్యి వేయకు నాన్నా," అంది టెస్సా.

ఆయన నోరు మూసుకుని లోపలికి నడిచాడు.