అట్ట దాటిన తోక

మధ్యాహ్నం మొదటి పీరియడ్. ఊహా దేశాల పటాలు దాదాపు సిద్ధమయ్యాయి. ఇద్దరికొక దేశం. అన్నిటినీ నేల మీద పరిచి, నీలం గుడ్డను సముద్రం చేసి, సరుకులు ఓడల్లో పంపుకోవాలి. గంట మోగేలోగా సరుకు దాటించిన దేశాలకే రేపటి ప్రదర్శనలో చోటని సోషల్ టీచర్ ముందే చెప్పారు.

తీరుగా కత్తిరిస్తుందని క్లాసులో ఒక అమ్మాయిని అందరూ కత్తెర అనేవారు. ఆమె జతగాడు నత్త. ఏ పనైనా నిదానంగా చేస్తాడు కనుక ఆ పేరు. దేశం గీసింది అతడే: గుండ్రని నేల, దాని కింద సన్నగా, పొడవుగా ఒక తోక. కాగితం దేశాన్ని అట్టకు అంటిస్తే, ఆ తోక అట్ట దాటి బయటికి వేలాడుతోంది.

నత్త చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు కత్తెర ఆ తోకను కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. ఇప్పుడు లక్షణంగా ఉందనుకుంది. నత్త తిరిగి వచ్చి చూశాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే అట్ట పట్టుకుని నడిచింది.

దేశాలన్నీ పక్కపక్కన చేరాయి. వాళ్ళ దేశానికీ సముద్రానికీ మధ్య కాస్త సందు మిగిలింది. ముందు బెంచీ కవలలు తమ దేశాన్ని జరిపి ఆ సందును కప్పేశారు.

కత్తెర అగ్గిపెట్టెలో పంచదార నింపి, దారి ఇమ్మని అడిగింది. కవలలు సగం పంచదార తమకిమ్మన్నారు. ఆమె కాసేపు బేరమాడి, చివరికి ఒప్పుకుంది.

"ఇంతకీ ఎవరికి పంపుతున్నావ్?" అంది కవలల్లో పెద్దది.

"దీవి వాళ్ళకి."

"అయితే కుదరదు. వాళ్ళతో మాకు పొద్దున్నుంచి కటీఫ్."

"మీ కటీఫ్‌కీ నా పంచదారకీ ఏం సంబంధం?"

"దారి మాదేగా."

కత్తెర టీచర్ వైపు చూసింది. ఆవిడ చూస్తున్నారు గానీ కల్పించుకోలేదు.

"నేను గీసింది తోక కాదు," అన్నాడు నత్త మెల్లిగా. "ఓడరేవుకి దారి."

"ముందే చెప్పొచ్చుగా."

"నువ్వు ఆగితేగా."

గంట మోగింది. ప్రదర్శనలో వాళ్ళకు చోటు దొరకలేదు. ఆ పంచదార మరునాటికి చీమలకు ఎగుమతి అయింది.

తరువాతి వారం కొత్త దేశం గీయమన్నారు. నత్త గీసినదానికి ఈసారి పక్కన ఒక మూల పొడుచుకొచ్చింది. అదీ అట్ట దాటింది.

ఆమె చేతిలోని కత్తెరను బల్ల మీద పెట్టింది.

"ఈ మూల ఎందుకు గీశావ్?"

నత్త తన పద్ధతిలో, నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు. అతడు ముగించేదాకా ఆమె లేవలేదు.