అభ్యంతరం ఉంటే గొడుగు విప్పాలి

ఆ గొడుగుల కంపెనీ మీటింగుల్లో ఓ వింత ఆచారం ఉంది. ప్రతి కుర్చీ ముందూ బల్ల మీద ఒక గొడుగు పెడతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నోరెత్తకుండా అది విప్పాలి. కంపెనీ పెట్టిన పెద్దాయన ఏర్పాటు. ఆయన పోయి భార్య, అంటే బామ్మగారు, ఛైర్మన్ అయ్యాక గొడుగు విప్పిన నాథుడు లేడు. బామ్మగారికి ఎదురు చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమేనని అందరికీ తెలుసు.

అలాంటిది, కొత్త స్ట్రాటజీ మేనేజర్ తన మొదటి మీటింగులోనే "రిపేరు సెక్షన్ మూసేద్దాం. ఖర్చే తప్ప రాబడి లేదు" అనగానే, చివరి కుర్చీలో టప్‌మని నల్ల గొడుగు విచ్చుకుంది. దాని వెనక ఉన్నది రిపేరు సెక్షన్ హెడ్, బామ్మగారి మనవడు.

"మేడం, మీరెప్పుడైనా గొడుగు బాగుచేయించుకున్నారా?"

"లేదు. పారేసి కొత్తది కొంటాను."

"మనుషుల్ని కూడా అంతేనా?"

ఆమెకు ఒళ్ళు మండింది. బామ్మగారు మాత్రం ముసిముసిగా నవ్వారు.

"వచ్చే మీటింగు దాకా గడువిస్తున్నా. ఇద్దరూ కలిసి దారి చూడండి. లేకపోతే సెక్షన్‌కి తాళమే. అంతవరకూ నువ్వు ఈ అమ్మాయి కింద పనిచెయ్యరా" అన్నారు.

ఆమె రోజూ రిపేరు షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. మొదట్లో ప్రశ్నలు వేయడానికి, తర్వాత కాఫీకి. ఆ తర్వాత సాకు వెతుక్కోవడం కూడా మానేసింది. విరిగిన ఊచ మార్చడం నేర్చుకుంటూ వేలు గుచ్చుకుంటే అతనే ప్లాస్టర్ వేశాడు. అవసరమైన దానికన్నా చాలా నెమ్మదిగా వేశాడు.

"కార్పొరేట్ కల్చర్, కల్చర్ అంటారు. అసలేంటండీ అది?" అని ఓ రోజు అతనడిగాడు.

"బాస్ లేనప్పుడు జనం ఏం చేస్తారో అదే."

"నేనైతే గుమ్మం వైపు చూస్తుంటాను" అని నోరు జారాడు. ఆమె విననట్టే ఊచ బిగిస్తూ ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఓ సాయంత్రం ఇద్దరూ బయటికొచ్చేసరికి ఉన్నట్టుండి వాన. బస్టాపు రేకు కింద జనం కిక్కిరిసి నిలబడ్డారు.

"చూడండి! వీళ్ళందరి ఇళ్ళల్లోనూ గొడుగులుంటాయి. చేతుల్లోనే లేవు" అందామె. అంతలోనే అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "అమ్మడం కాదండీ, అద్దెకిద్దాం! ఈ స్టాపులో తీసుకుని ఇంకో స్టాపులో ఇచ్చేస్తారు."

"విరగ్గొడితే?"

"అందుకేగా మీరున్నది!"

తర్వాతి మీటింగులో బోర్డు చప్పట్లతో ఒప్పుకుంది. మూతపడాల్సిన రిపేరు సెక్షనే కొత్త వ్యాపారానికి గుండెకాయ అయింది. అతనికి నేల మీద కాళ్ళు ఆనలేదు, ఆమె చివరి స్లైడు చూపించేదాకా.

అది కంపెనీ కొత్త నిర్మాణం. అందులో అతని పేరు ఆమె కింద లేదు. తీసుకెళ్ళి బామ్మగారి కింద పెట్టారు. అతని మొహం వాడిపోయింది. నల్ల గొడుగు మళ్ళీ విచ్చుకుంది.

"ఇద్దరం కలిసి చేశాం కదా. ఇప్పుడు నన్నెందుకు తీసేశారు?"

"కంపెనీ రూలు. బాసూ, ఆ బాసు కింద పనిచేసేవాళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు."

గదిలో తలలన్నీ నల్ల గొడుగు వైపు తిరిగాయి.

"ఎ... ఎవరి పెళ్ళి?" అంది గొడుగు.

"అది ముడిస్తే చెప్తాను."

అతను కంగారుగా ముడిచి వేలు నలిపేసుకున్నాడు. ఆమె అతని మీంచి చూపు తిప్పలేదు.

"మీరంటే నాకిష్టం. మీ కింద పనిచేస్తూ గొడుగు పట్టమన్నా పడతాను. మీకు?"

అతను నలిగిన వేలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. టప్! ఈసారి విచ్చుకున్నది బామ్మగారి ఎర్ర గొడుగు.

"బామ్మా!" అని అరిచాడతను.

"అంత మంచి పిల్ల అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావ్. అదిరా నా అభ్యంతరం!"

"ఇష్టమే! మొదటిరోజు పోట్లాడినప్పట్నుంచీ ఇష్టమే!"

బామ్మగారు తృప్తిగా గొడుగు ముడిచారు.

"ఇంకెవరికైనా అభ్యంతరమా?"

బల్ల చుట్టూ ఒక్క గొడుగూ కదల్లేదు.

బయట వాన దంచికొడుతోంది. ఊరంతటికీ సరిపడా గొడుగులున్న ఆ కంపెనీలోంచి, వాళ్ళిద్దరూ ఒక్క గొడుగు కిందే బస్టాపు దాకా నడిచి వెళ్ళారు.